పొలిమేర లోపలే ఆగిన ఊరు: బ్రిటన్‌లోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, ముఖ్యంగా వేసవి ట్రిప్పుల బాధ్యత చూసే మిత్రులకు,

నమస్కారం.

వేసవి వచ్చిందంటే మీలో చాలామంది బస్సు మాట్లాడి మనవాళ్ళని డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ హౌస్‌కి తీసుకెళ్తారు. మహల్ చూడటం, ఫౌంటెన్ల దగ్గర ఫొటోలు, చెట్ల కింద పులిహోర, పిల్లల ఆటలు, సాయంత్రం తిరుగు ప్రయాణం. మంచి ట్రిప్పే, కాదనను. నా మనవి ఏమిటంటే, ఈసారి నుంచి ఆ రోజులో సగం పక్కనే ఉన్న ఈమ్ అనే ఊరికి ఇవ్వండి. 1666లో ప్లేగు చెలరేగితే, అది పొరుగూళ్ళకి పాకకుండా తనని తాను మూసుకున్న ఊరు అది. చాట్స్‌వర్త్ నుంచి బస్సులో ఇరవై నిమిషాల దారి. బోర్డు మీద స్పెల్లింగ్ చూసి ఇయామ్ అనకండి, ఈమ్ అంటేనే అక్కడివాళ్ళకి తెలుస్తుంది.

నేను షెఫీల్డ్‌లో ఉంటాను. ఈమ్ మాకు కారులో అరగంట. వీలు చిక్కినప్పుడల్లా వెళ్ళొస్తుంటాను. ఇంత దూరం వచ్చిన మనవాళ్ళు ఆ ఊరి పక్కనుంచే వెళ్ళిపోతుంటే మనసు ఊరుకోదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ఈమ్‌లో సుమారు వెయ్యి మంది ఉంటారు. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కు లోపలి ఊరు అది. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదట ఏర్పడిన నేషనల్ పార్కు అదే. ఊరు సున్నపురాయి నేల మీద ఉంది. ఉత్తరాన ఇళ్ళ వెనకే ఈమ్ ఎడ్జ్ అనే కొండ నిటారుగా లేస్తుంది. అక్కడి నుంచి రాయి మారిపోతుంది, గరుకు ఇసుకరాయి మొదలవుతుంది. కొండెక్కితే పైనంతా హెదర్ పొదలు పరుచుకున్న బీడు. ఆ బీడులో కంచుయుగం నాటి రాళ్ళ వలయం ఇప్పటికీ ఉంది. దక్షిణాన నేల ఒక్కసారిగా దిగిపోయి మిడిల్టన్ డేల్ అనే ఇరుకు లోయలోకి వెళ్తుంది. లోయ దిగువన పొరుగూరు స్టోనీ మిడిల్టన్. ఈ రెండు ఊళ్ళ మధ్య పొలాల్లో కాలిబాట పక్కన ఒక రాయి ఉంది. మీ పిల్లలకి ముందుగా చూపించమని నేను అడిగేది ఆ రాయినే.

చూడటానికి అందులో ఏమీ లేదు. మోకాలెత్తు కూడా లేని మామూలు బండ. దాని మీద తొలిచిన చిన్న చిన్న గుంటలున్నాయి. మూడున్నర శతాబ్దాల వానకీ వేళ్ళ తాకిడికీ వాటి అంచులు నున్నబడ్డాయి. 1666లో ఈమ్ వాళ్ళు ఆ గుంటల్లో వెనిగర్ పోసి అందులో డబ్బులు వేసేవారు. స్టోనీ మిడిల్టన్ వాళ్ళు తిండి సామాన్లు అక్కడ పెట్టి, ఆ డబ్బులు తీసుకుని వెళ్ళిపోయేవారు. వెనిగర్‌లో వేస్తే నాణేనికి అంటిన రోగం పోతుందని అప్పటి నమ్మకం. సామాను తెచ్చినవాళ్ళు దూరం జరిగాకే ఈమ్ వాళ్ళు ఆ రాయి దగ్గరికి వచ్చేవారు. ఇప్పటికీ చూడవచ్చిన వాళ్ళు ఆ గుంటల్లో చిల్లర వేసి పోతుంటారు.

జరిగింది మీలో కొందరికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం చెప్తాను. 1665లో లండన్‌ని ప్లేగు ఊడ్చేస్తోంది. ఈమ్‌లో అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ అనే దర్జీ ఇంటికి లండన్ నుంచి బట్టల మూట వచ్చింది. బట్ట చెమ్మగా ఉందని ఆ ఇంట్లో ఉండి పనిచేసే జార్జ్ వికర్స్ దాన్ని విప్పి మంట దగ్గర ఆరబెట్టాడని, రోగం మోసే ఫ్లీలు (ఎలుకల మీద బతికే, రక్తం పీల్చే చిన్న పురుగులు) అందులోంచే వచ్చాయని చెప్పుకుంటారు. సెప్టెంబర్ 7న వికర్స్ చనిపోయాడు. తర్వాత ఆ ఇంటి పిల్లలు, ఆ తర్వాత పక్కిళ్ళ వాళ్ళు. ఇంటావిడ మేరీ ఇద్దరు కొడుకుల్నీ భర్తనీ పోగొట్టుకుని తాను మాత్రం బతికింది. చలికాలంలో కొంత తగ్గినట్టు కనిపించిన రోగం 1666 జూన్‌లో మళ్ళీ చెలరేగింది. ఊళ్ళో జనం మూటాముల్లె సర్దుకుని పారిపోవాలని చూశారు. డబ్బున్న కొద్దిమంది అప్పటికే వెళ్ళిపోయారు.

ఊరు మూడు నిర్ణయాలు తీసుకుంది అప్పుడే. ఎవరింట్లో చనిపోయిన వాళ్ళని ఆ ఇంటివాళ్ళే, తమ దొడ్లోనో పొలంలోనో, వీలైనంత త్వరగా పూడ్చుకోవాలి. చర్చికి తాళం వేసి, ప్రార్థన కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట, ఒక్కో కుటుంబం దూరందూరంగా నిలబడి చేసుకోవాలి. మూడోది అన్నిటికన్నా కష్టమైనది. రోగం పూర్తిగా పోయేదాకా ఎవరూ ఊరి హద్దు దాటకూడదు. చాట్స్‌వర్త్‌లో ఉన్న ప్రభువు, డెవన్‌షైర్ ఎర్ల్, తిండి పంపే ఏర్పాటు చేశాడు. మీరు బస్సులో తీసుకెళ్ళి చూపించే మహల్‌కీ ఈ ఊరికీ ఉన్న సంబంధం అది. ఒకటి చూసి రెండోది వదిలేస్తే సగం కథే చూసినట్టు.

మిత్రులారా, 2020 మార్చిని గుర్తు తెచ్చుకోండి. తెలంగాణలో, ఆంధ్రలో ఎన్నో పల్లెలు రోడ్డుకి అడ్డంగా ముళ్ళకంపలు, చెట్ల దుంగలు పడేశాయి. బయటివాళ్ళు మా ఊరికి రావద్దని బోర్డులు పెట్టాయి. హైదరాబాద్ నుంచి నడిచొచ్చిన సొంత ఊరి పిల్లల్ని కూడా పొలిమేరలోనే ఆపేసిన చోట్లున్నాయి. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. గత్తర వచ్చినా, అమ్మవారు పోసినా, జాతర చేసి రోగాన్ని పొలిమేర దాటించి రావడం మన పల్లెల్లో తాతల నాటి ఆచారం. పొలిమేర అవతల ఇంకో ఊరు ఉంటుందన్న సంగతి ఆ భయంలో ఎవరికీ గుర్తుకు రాదు. ఈమ్ వాళ్ళకి అది గుర్తుంది. కంప వేశారు, కానీ తాము బయటికి పోకుండా వేసుకున్నారు. లోపల పిల్లలు చనిపోతున్నా పద్నాలుగు నెలలు పూర్తయ్యేదాకా, ఆఖరి చావు జరిగిన 1666 నవంబర్ 1 దాకా, ఆ రోగం చుట్టుపక్కల ఊళ్ళకి పెద్దగా పాకలేదు.

నేను ఈ ఊరి గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే. ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలు ఈ ఒక్క విషయం కళ్ళతో చూడాలి. తమకి ఏ లాభమూ లేకపోయినా, ముఖం కూడా సరిగ్గా తెలియని పొరుగూరి వాళ్ళ కోసం మామూలు మనుషులు, సీసం గనుల కూలీలు, రైతులు, దర్జీలు ఇంత భారం మోశారు. మనలో చాలామంది ఎన్‌హెచ్‌ఎస్‌లో డాక్టర్లుగా, నర్సులుగా 2020లో రోజూ చావు చూసినవాళ్ళు. వాళ్ళ పిల్లలకి ఈ కథ ఇంకా బాగా ఎక్కుతుంది.

అయితే తీసుకెళ్ళడం ఒక్కటే సరిపోదు, ఎలా చెప్తామన్నది కూడా ముఖ్యం. మామూలుగా ఈ కథ విలియం మాంపెసన్ అనే పాస్టర్ చుట్టూ తిరుగుతుంది. 28 ఏళ్ళ కుర్రాడు, ఊరిని ఒప్పించాడు, భార్యని పోగొట్టుకున్నాడు, మహానుభావుడు అని. అందులో అబద్ధం లేదు. కానీ అంతటితో ఆపేస్తే ఊరికి అన్యాయం చేసినట్టే. మాంపెసన్ ఈమ్‌కి వచ్చింది 1664లో. అతని మాట ఊళ్ళో అందరూ వినే పరిస్థితి లేదు. అంతకుముందు అక్కడ పాస్టర్‌గా ఉన్న థామస్ స్టాన్లీ ప్యూరిటన్, అంటే చర్చిలో ఆర్భాటాలు వద్దు, సాదా ఆరాధనే కావాలనే వర్గం వాడు. రాజు తిరిగి గద్దెనెక్కాక వచ్చిన మతచట్టానికి తలొగ్గనందుకు 1662లో పదవి పోయింది. అయినా ఊరి జనంలో చాలామంది మనసు ఆయన వైపే ఉంది. మతం విషయంలో ఉప్పూ నిప్పూ లాంటి ఆ ఇద్దరూ 1666 జూన్‌లో ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు, కలిసి ఊరి ముందుకొచ్చారు. స్టాన్లీ పక్కన లేకపోతే మాంపెసన్ మాట ఆ ఊళ్ళో నెగ్గేది కాదని నా నమ్మకం. మన సంఘాల్లో చీలికలు, అలకలు మీకు తెలియనివి కావు. ఒకే ఊళ్ళో రెండు ఉగాదులు చేసుకునే మనం స్టాన్లీ కథ పిల్లలకి చెప్పకుండా రావద్దు.

కప్పిపుచ్చకుండా చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. ఊరు మూసేయకముందే మాంపెసన్ తన ఇద్దరు పిల్లల్ని యార్క్‌షైర్ పంపించేశాడు. తండ్రిగా అది అర్థమయ్యే పనే, కానీ మిగతా ఊరి తల్లిదండ్రులకి ఆ వీలు లేదు. భార్య కేథరిన్‌ని కూడా వెళ్ళమన్నాడు. ఆమె వెళ్ళనంది, అతనితోనే ఉంది, ఆగస్టు 25న చనిపోయింది. ఆమె సమాధి చర్చి ఆవరణలోనే ఉంది, దగ్గర్లోనే వెయ్యేళ్ళు దాటిన శాక్సన్ శిలువ నిలబడి ఉంటుంది. ఊరి పేదలు ఇష్టపడి ఉండిపోయారా, పోవడానికి చోటు లేక ఉండిపోయారా అన్న ప్రశ్న కూడా పిల్లల ముందు పెట్టండి. 1604 నాటి చట్టం ప్రకారం ప్లేగు సోకిన ఇంటివాళ్ళని బలవంతంగా లోపలే ఉంచే అధికారం అధికారులకి ఉండేది. ప్లేగు ఊరి నుంచి వచ్చానంటే ఏ ఊరూ రానిచ్చేది కాదు. ఊరంతా ఒక్క మాట మీద సంతోషంగా త్యాగం చేసినట్టు చెప్పే కథకి తర్వాతి శతాబ్దాల్లో రాసినవాళ్ళు చాలా రంగులద్దారని చరిత్రకారులు అంటున్నారు. ఆ మాట విన్నాక ఈమ్ మీద నా గౌరవం పిసరంత కూడా తగ్గలేదు. భయపడుతూ, గొణుక్కుంటూ, గత్యంతరం లేక ఉన్నా, ఉన్నారు.

లెక్కల్లోనూ తేడాలున్నాయి. చనిపోయింది 260 మంది అని సాధారణంగా చెప్తారు. ఊళ్ళో అప్పుడు 350 మందే ఉండేవారని పాత పుస్తకాలు రాశాయి, 700కి పైనే ఉండొచ్చని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. చర్చి రిజిస్టర్‌లోని పేర్లూ తేదీలూ ఆధారంగా 2016లో వచ్చిన ఒక అధ్యయనం, సోకిన వాళ్ళలో సుమారు నాలుగింట మూడొంతుల మందికి మనిషి నుంచే అంటిందని, ఎలుకల ఫ్లీల వల్ల అంటింది పావు వంతేనని లెక్క కట్టింది. అదే నిజమైతే లోపలే ఉండిపోవడం ఊరివాళ్ళ చావుల్ని పెంచి ఉండొచ్చు. పొరుగూళ్ళకి మేలు జరిగింది, మూల్యం మాత్రం వీళ్ళు కట్టారు. మన హైస్కూల్ పిల్లలు ఈ విషయం మీద గంట సేపు వాదించుకోగలరు. వాదించుకోనివ్వండి.

ఆ మూల్యం ఎంతో తెలియాలంటే రైలీ దాకా నడవాలి. ఊరికి తూర్పున అర మైలు దూరం, గట్టు మీద పొలం. చుట్టూ గుండ్రంగా రాతి గోడ, లోపల గడ్డిలో సమాధి రాళ్ళు. 1666 ఆగస్టులో ఎలిజబెత్ హాంకాక్ అనే ఇల్లాలు అక్కడ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతో పూడ్చిపెట్టింది. సాయానికి ఎవరూ రాకూడదన్నదే ఊరి నియమం. శవాన్ని తాకకుండా గుడ్డ కట్టి ఈడ్చుకెళ్ళేదని చెప్తారు. ఆ ఒక్క నెలలోనే ఊళ్ళో 70 మందికి పైగా చనిపోయారు. హాంకాక్ పొలం ఇప్పుడు పాత కట్టడాలనీ స్థలాలనీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సంరక్షణలో ఉంది. గోడ లోపల నిలబడి చూస్తే లోయ, ఆవలి కొండలు, వాటి మీద గొర్రెలు, అంతా అందంగా ఉంటుంది. స్టోనీ మిడిల్టన్ వైపు నుంచి జనం ఆమెని దూరం నుంచి చూస్తూ ఉండిపోయారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆమె బతికింది. తర్వాత షెఫీల్డ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. పాస్టర్ల పేర్లు తెలిసిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఈవిడ పేరు కూడా తెలియాలి.

ఈమ్ అంటే ప్లేగు ఒక్కటే కాదు, త్వరగా చెప్పేస్తాను. 1588లోనే కొండ ఊటల నీళ్ళు గొట్టాల్లో తెచ్చి వీధుల్లో రాతి తొట్లలో పడేట్టు చేసుకున్న ఊరు ఇది. ఆ తొట్లు ఇప్పటికీ వీధుల పక్కన కనిపిస్తాయి. కింద నేలంతా సీసం గనులే. సీసం తవ్వేటప్పుడు పనికిరాదని పారేసిన ఫ్లోర్‌స్పార్ రాయి తర్వాత ఉక్కు కరిగించడానికి పనికొచ్చి, షెఫీల్డ్ కొలిమిలకి వెళ్ళింది. చర్చి గోడ మీద 1775 నాటి నీడ గడియారం చూడండి, పిల్లలకి భలే నచ్చుతుంది. అన్నా సీవర్డ్ అనే కవయిత్రి 1742లో పుట్టింది ఈ ఊళ్ళోనే. మ్యూజియం చిన్నదే, చాలా బాగుంటుంది. 1994 నుంచి ఉంది, కార్ పార్కింగ్‌కి ఎదురుగానే.

ఇక బోనాల సంగతి. మీలో చాలా సంఘాలు ఇక్కడ బోనాలు చేస్తున్నాయి. 1813లో జంటనగరాల్లో మహమ్మారి ప్రబలితే, ఉజ్జయినిలో ఉన్న మన సైనికులు మహంకాళికి మొక్కుకున్నారని, రోగం తగ్గాక సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపి బోనం సమర్పించారని మన పెద్దలు చెప్పే కథ. అంటే మన పండుగ కూడా రోగం దాటిన ఊరు పెట్టుకున్న గుర్తే. ఈమ్‌లో ఏటా ఆగస్టు చివరి ఆదివారం ప్లేగ్ సండే జరుపుతారు. ఊరేగింపుగా వెళ్ళి, 1666లో ప్రార్థన జరిగిన ఆ కక్లెట్ డెల్ఫ్ లోయలోనే ప్రార్థన చేస్తారు, కేథరిన్ సమాధి మీద పూలదండ ఉంచుతారు. ఆ రోజుల్లోనే ఊళ్ళో బావుల అలంకరణ కూడా ఉంటుంది. పెద్ద చెక్క పలకల మీద తడి బంకమట్టి పరిచి, అందులో పూరేకులు ఒక్కొక్కటిగా గుచ్చి బొమ్మలు తయారుచేసి నీటి దగ్గర నిలబెడతారు. బతుకమ్మ పేర్చే చేతులకి ఆ పని విలువ చెప్పక్కర్లేదు. మన ఆడవాళ్ళు అక్కడివాళ్ళతో కూర్చుని మాట్లాడితే రెండు వైపులా ఎంతో దొరుకుతుంది. ఈ దేశానికి వచ్చి స్థిరపడ్డాం, ఇక్కడి ఊళ్ళతో మన పరిచయం షాపింగ్ దగ్గర ఆగిపోకూడదు.

కొన్ని జాగ్రత్తలు. ప్లేగ్ కాటేజీలు అని బోర్డులున్న ఇళ్ళలో ఇప్పుడూ జనం కాపురం ఉంటున్నారు. ఆ బోర్డుల మీద ఆ ఇంట్లో ఎవరెవరు చనిపోయారో పేర్లు రాసి ఉంటాయి. రోడ్డు మీద నుంచే చదవండి. కిటికీల్లోకి తొంగి చూడటం, గేటు తీసి తోటలో నిలబడి వీడియోలు తీయడం వద్దు. వీధులు ఇరుకు, బస్సు ఎక్కడ ఆపాలో ముందే ఊరివాళ్ళని అడిగి తెలుసుకోండి. నలభై యాభై మంది ఒక్కసారిగా వీధిలో దిగితే చిన్న ఊరికి టెన్షనే, రెండు మూడు జట్లుగా విడిపోతే మంచిది. తిండి బయటినుంచే తీసుకెళ్ళకుండా టీ, కేకులైనా ఊళ్ళో కొనండి. పెద్దవాళ్ళని నేరుగా ఊళ్ళో దింపేసి, నడవగలిగిన వాళ్ళూ పిల్లలూ స్టోనీ మిడిల్టన్‌లో దిగి కాలిబాటన రాయి మీదుగా ఎక్కి రావచ్చు. వాన పడితే బురద, చెప్పులు పనికిరావు.

ప్లేగ్ సండే రోజు మాత్రం పిక్నిక్‌లాగా వెళ్ళొద్దు. వాళ్ళ ప్రార్థనలో కలిసి నిలబడగలిగితేనే వెళ్దాం, లేదంటే ఇంకో శనివారం పెట్టుకుందాం. ప్రతి ట్రిప్పుకీ ఎవరో ఒకరు కథ ముందే చదువుకుని రావాలి, బస్సులోనే పిల్లలకి చెప్పాలి. మీ వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో ఈ విషయం చేర్చండి. తేదీ ఖాయం చేసి తెలియజేస్తే, షెఫీల్డ్ నుంచి నేను వచ్చి రాయి దగ్గర కలుస్తాను. అక్కడి నుంచి చర్చికి, చర్చి నుంచి రైలీకి మీతో నడుస్తూ పిల్లలకి అంతా తెలుగులోనే చెప్తాను. వాళ్ళు అడిగే ప్రశ్నలకి సమయం ఉండేలా, చాట్స్‌వర్త్ పొద్దున పెట్టుకుని ఈమ్‌కి మధ్యాహ్నం ఒంటి గంటకల్లా చేరేట్టు చూడండి.

ఇట్లు,
మీ సభ్యుల్లో ఒకరు,
షెఫీల్డ్